ప్రయాణం మారితే కారణం చెప్పండి
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లలు విదేశాల్లో ఉండటం మన ఇళ్లలో ఇప్పుడు మామూలైంది. కాన్పులకనీ, పెళ్లిళ్లకనీ తల్లిదండ్రులం విజిటర్ వీసా మీద వెళ్తున్నాం. ఆ విషయంలో నేను చేసిన ఒక పొరపాటు చెబుతాను. అది ఇంకొకరికి జరగకూడదు.

మా అమ్మాయి బ్రిటన్‌లో ఉంటుంది. మొదటి కాన్పుకు వెళ్లేటప్పుడు దరఖాస్తులో నాలుగు వారాలు ఉంటానని రాశాను. స్కూలు ఇచ్చిన సెలవు పత్రం కూడా అంతకే. తీరా వెళ్లాక బిడ్డ నెలలు నిండకుండానే పుట్టాడు. అమ్మాయికి ఆపరేషన్ అయింది. సెలవు పొడిగించమని అర్జీ పంపి, టికెట్ మార్చుకుని నాలుగున్నర నెలలు ఉండిపోయాను. అక్కడ విజిటర్లు ఒకసారి వెళ్తే సాధారణంగా ఆరు నెలల వరకు ఉండొచ్చు. గడువు దాటలేదు కదా, తప్పేముంది అనుకున్నాను.

రెండో కాన్పుకు మళ్లీ దరఖాస్తు చేశాను. మళ్లీ నాలుగు వారాలనే రాశాను. పాత ప్రయాణం తేదీలు నింపాను గానీ, అన్నాళ్లు ఎందుకు ఉన్నానో ఒక్క ముక్క రాయలేదు. వీసా రాలేదు. గతంలో చెప్పినదానికంటే చాలా ఎక్కువ కాలం ఉన్నారు, ఈసారైనా చెప్పిన సమయానికి తిరిగి వెళ్తారన్న నమ్మకం కలగడం లేదని ఉత్తరం వచ్చింది. కోపం వచ్చింది. నిదానంగా ఆలోచిస్తే, ఆ అధికారికి నేనెవరో తెలియదు, నా కాగితాలే తెలుసు అని అర్థమైంది. మనవరాలు పుట్టిన రోజు దాన్ని ఫోన్‌లోనే చూశాను.

తర్వాతి దరఖాస్తుకు ఒక పేజీ ఉత్తరం జతచేశాను. ఆసుపత్రి పత్రం, సెలవు పొడిగించిన ఉత్తర్వు, మార్చిన టికెట్, ఇండియాలో దిగిన తేదీ ముద్ర, తిరిగి డ్యూటీలో చేరిన కాగితం పెట్టాను. వీసా తిరస్కరించిన సంగతి కూడా దాచలేదు. ఈసారి వీసా వచ్చింది. అప్పటికి మనవరాలికి ఆరు నెలలు.

కాబట్టి నా మనవి. ప్రయాణం మారడం నేరం కాదు. వీసా వచ్చాక తేదీలు కొంత జరిగినా, గడువులోపు వెళ్లి వస్తే ఇబ్బంది లేదు. అయితే మీరు వాయిదా వేసుకున్నారని వీసా గడువు మాత్రం జరగదు. అసలు వెళ్లకుండా మానుకున్నా, ఎందుకు మానుకున్నారో రాసి ఉంచుకోండి. మారిన ప్రతిసారీ కాగితం దాచండి. తర్వాతి దరఖాస్తులో వాళ్లు అడగకముందే చెప్పండి.

గడువు దాటడం మాత్రం వేరే సంగతి. అమెరికా వీసా పదేళ్లకు ఇచ్చినా, ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పేది ఐ-94లోని తేదీ. ఇంకా ఉండాల్సి వస్తే ఆ తేదీకి ముందే పొడిగింపు కోరాలి. అది దాటి 180 రోజులకు మించి ఉండి వస్తే మూడేళ్లు, ఏడాది లేదా అంతకు మించితే పదేళ్లు మళ్లీ ప్రవేశానికి అడ్డు వస్తుంది. బ్రిటన్ దరఖాస్తులో మోసం చేసినట్టు తేలినా పదేళ్ల వరకు తిరస్కరించవచ్చు. అందుకే ఏజెంటు నింపిన ఫారమైనా చదవకుండా సంతకం పెట్టకండి.

మా స్కూల్లో హాజరు పట్టీలో తప్పు పడితే చెరిపేయం. ఒక గీత గీసి, సరైనది రాసి, పక్కన సంతకం చేస్తాం. వీసా దరఖాస్తులోనూ అలాగే చేద్దాం. వస్సలాం.