పగిలిన ఇనప పైపు: రాత్రికి కట్టు, పొద్దున్నే ఉత్తరం

(వార్షిక సభలో ఇళ్ల మరమ్మతుల బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



దొరికిన ఒక్క సెలవు రోజూ వదులుకుని వచ్చారు. కాబట్టి ఎక్కువసేపు మాట్లాడం, పనికొచ్చేదే చెప్తాం.

మనలో చాలామంది తూర్పు లండన్‌లో, ఈస్ట్‌హామ్, ఇల్‌ఫర్డ్ చుట్టుపక్కల పాత ఇళ్లలో గదులు పంచుకుని ఉంటున్నాం. వాటిలో చాలావరకు వందేళ్లు దాటిన ఇళ్లే. గోడకు గోడ ఆనించి వరసగా కట్టినవి. ఇంటి వెనక్కి వెళ్లి చూడండి. పై నుంచి కింది దాకా గోడ వెంబడి లావు పైపు ఒకటి దిగుతుంది. సుమారు నాలుగు అంగుళాలు ఉంటుంది. పై అంతస్తు టాయిలెట్, స్నానాల నీళ్లు దాంట్లోంచే భూమిలోకి పోతాయి. ఇక్కడి వాళ్లు దాన్ని సాయిల్ పైపు అంటారు. చాలా పాత ఇళ్లలో అది పోత ఇనుము, అంటే కాస్ట్ ఐరన్.

మన ఊళ్లో ఇప్పుడు అన్నీ పీవీసీ పైపులే. పగిలితే ముక్క కోసి, సొల్యూషన్ రాసి, జాయింటు వేస్తే అయిపోయింది. ఆ పద్ధతి ఇక్కడ పనికిరాదు. పీవీసీ సొల్యూషన్ ఇనుము మీద పట్టదు. పోత ఇనుము చూడ్డానికి గట్టిదే గానీ పెళుసు. వంగదు, పగులుతుంది. లోపల్నుంచి తుప్పు తింటుంది. గోడ వైపు రంగు వెయ్యడానికి చెయ్యి దూరదు కాబట్టి వెనక వైపు ముందే పుచ్చిపోతుంది. పైపును గోడకు పట్టి ఉంచే మేకులు తుప్పు పట్టి ఊడితే బరువంతా కింది ముక్క మీద పడుతుంది. ఎక్కడైనా అడ్డు పడి నీళ్లు నిలిచిపోయి, చలికాలంలో గడ్డకట్టినా బీట పడుతుంది.

ఒక సంగతి మనకు కలిసొస్తుంది. ఈ పైపులో కుళాయి పైపులో ఉన్నట్టు ఒత్తిడి ఉండదు. నీళ్లు వాటి బరువుతో అవే కిందికి పోతాయి. అందుకే సరిగ్గా కట్టిన కట్టు కొన్నాళ్లు ఆగుతుంది. కానీ కొన్నాళ్లే. అది రిపేరు కాదు, రిపేరు అయ్యేదాకా గడువు. ఈ మాట గుర్తుంచుకుంటే మేం చెప్పేదంతా అర్థమవుతుంది.

లీకు కనపడగానే పైపు ముట్టుకోకండి. ముందు వాడకం ఆపండి. పై టాయిలెట్ తలుపు మీద కాగితం అంటించండి, ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టండి. ఎందుకంటే మన ఇళ్లలో ఒకరు పడుకునేటప్పటికి ఇంకొకరు డ్యూటీ నుంచి వస్తారు. కింద ఒకరు పైపుకు కట్టు కడుతుంటే, నైట్ షిఫ్ట్ నుంచి వచ్చినాయన తెలియక పైన ఫ్లష్ నొక్కితే ఏమవుతుందో మేం చెప్పక్కర్లేదు. కింద ఇంకో టాయిలెట్ ఉండి, దాని నీళ్లు పగులుకు కింద కలిసేట్టయితే దాన్ని వాడుకోవచ్చు.

తర్వాత ఫొటోలు. దగ్గర్నుంచి ఒకటి, దూరం నుంచి ఒకటి, గోడ మీద తడి ఎంత దూరం పాకిందో ఒకటి, నీళ్లు కారుతుండగా చిన్న వీడియో. కట్టు కట్టాక పగులు కనపడదు. అప్పుడు తీసిన ఫొటో ఎందుకూ పనికిరాదు.

పైపు ఇంటి లోపలే ఉండి, నీళ్లు లైటు దగ్గరో ప్లగ్గు దగ్గరో కారుతుంటే ఫ్యూజ్ బాక్సులో ఆ లైను ఆపేయండి. నీళ్లలో నిలబడి మాత్రం ఏ స్విచ్చూ ముట్టుకోవద్దు.

ఇప్పుడు పైపు ఏ జాతిదో చూడాలి. ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం తీసుకుని పెట్టండి. అతుక్కుంటే ఇనుము. అతుక్కోకుండా, ప్లాస్టిక్ కాదని కూడా అనిపిస్తే, బూడిద రంగులో సిమెంటులా ఉంటే, దాని జోలికి పోవద్దు. ఆస్‌బెస్టాస్ కలిపిన పైపు కావచ్చు. మన ఊళ్లో ఇళ్ల మీద వేసే సిమెంటు రేకులు ఉంటాయే, ఆ జాతి. దాన్ని గీకినా, కోసినా లేచే పొడి ఊపిరితిత్తుల్లో చేరి ప్రాణం తీస్తుంది. బ్రిటన్‌లో 1999లో దాని వాడకాన్ని పూర్తిగా నిషేధించారు గానీ, పాత కట్టడాల్లో ఉన్నది ఉన్నట్టే ఉంది.

ఇంకొకటి చూడాలి: అడ్డు పడిందా అని. పగులు వల్ల కారడం వేరు, కింద ఎక్కడో అడ్డుపడి నీళ్లు పైకి నిండి పగులులోంచి కక్కడం వేరు. టాయిలెట్ నీళ్లు మెల్లగా దిగుతున్నా, వెనక మ్యాన్‌హోల్ నిండి ఉన్నా అది అడ్డు. ముందు దాన్ని తీయించాలి. అడ్డు ఉండగా ఎంత గట్టి కట్టైనా నిలవదు. పక్కింటితో కలిసిన భూగర్భ పైపులో అడ్డు పడితే ఆ బాధ్యత సాధారణంగా నీటి కంపెనీది. 2011 అక్టోబర్ 1 నుంచి అలాంటి ఉమ్మడి పైపులు వాళ్ల చేతికి వెళ్లాయి. ఫోన్ చేస్తే వస్తారు. గోడ మీది పైపు మాత్రం ఇంటి ఓనరుదే.

ఇక పని. రబ్బరు గ్లౌజులు, మాస్కు, కళ్లద్దాలు ఉండాలి. చేతి మీద గాయం ఉంటే కప్పుకోండి, లేదా వేరేవాళ్లను చెయ్యమనండి. ఇది మురుగునీరు, కడుపు జబ్బులు, కామెర్లు దీంట్లోంచే వస్తాయి. పగులు చుట్టూ తడిగుడ్డతో తుడిచి, తడి మీదే వైరు బ్రష్‌తో తుప్పు తీయండి. పొడిగా రుద్దొద్దు, పాత రంగుల్లో సీసం ఉంటుంది. తర్వాత బాగా ఆరబెట్టండి. పగులు రెండు చివర్లా మార్కర్‌తో గీత పెట్టి, దానికీ ఒక ఫొటో తీయండి. కట్టు విప్పినప్పుడు పగులు ఆ గీత దాటిందంటే పైపు ఇంకా విచ్చుకుంటోందన్న మాట.

వెంట్రుక మందాన ఉన్న పగులుకు సిలికాన్ టేపు చాలు. జిగురు ఉండదు, తనకు తనే అతుక్కుంటుంది. ఇంటి సామాన్ల షాపుల్లో కొన్ని పౌండ్లకు దొరుకుతుంది. పగులుకు రెండంగుళాల కింద మొదలుపెట్టి, బాగా సాగదీస్తూ, ప్రతి చుట్టూ ముందు చుట్టును సగం కప్పేలా, పగులు దాటి రెండంగుళాల పైదాకా చుట్టండి. సాగదీయకుండా చుడితే అతుక్కోదు.

పగులు కొంచెం వెడల్పుగా ఉంటే ఎపాక్సీ పుట్టీ. మన దగ్గర ఎం-సీల్ అంటాం కదా, అలాంటిదే. రెండు ముద్దలూ ఒకే రంగు వచ్చేదాకా పిసికి, పగులులోకి నొక్కి, చుట్టూ ఒక అంగుళం మేర పరవాలి. ప్యాకెట్ మీద రాసిన టైము ఆగాలి. ఇక్కడి చలిలో ఇంకా ఆలస్యంగా గట్టిపడుతుంది. అందుకే ఇంట్లో వెచ్చగా పిసికి తీసుకెళ్లండి.

అన్నిటికంటే నమ్మకమైనది రబ్బరు, క్లిప్పులు. పాత సైకిల్ ట్యూబు నిలువునా కోసి, పరిచి, పగులు మీద రెండు పొరలు చుట్టండి. దాని అంచు పగులు మీద పడకుండా పక్కకు రావాలి. పైన, మధ్యలో, కింద జూబ్లీ క్లిప్పులు వేసి స్క్రూ తిప్పండి. నాలుగంగుళాల పైపు చుట్టూ సరిపోయే సైజు అడగండి. క్లిప్పును పూర్తిగా విప్పితే పైపు వెనక సందులోంచి దూర్చొచ్చు. మూడు క్లిప్పులనూ కొంచెం కొంచెంగా బిగించండి. బలమంతా పెట్టి బిగిస్తే ఆ పెళుసు ఇనుము ఇంకా పగులుతుంది. కింద పుట్టీ, దాని మీద రబ్బరు, దాని మీద క్లిప్పులు, ఇలా మూడూ కలిపితే ఇంకా మంచిది.

అయ్యాక ముందు ఒక మగ్గు నీళ్లు పోసి చూడండి. తర్వాత బకెట్టు. కట్టు చుట్టూ టిష్యూ పేపర్ చుట్టి ఉంచితే చుక్క కారినా తెలుస్తుంది. ఆ తర్వాతే అందరికీ చెప్పండి వాడుకోవచ్చని. రోజూ ఒకసారి చూడండి.

చెయ్యకూడనివి కూడా చెప్తాం. పైపు కొయ్యొద్దు. ఒక నిలువు ముక్కే పాతిక కిలోలు దాటుతుంది, కింద కోస్తే పైది మీద పడుతుంది. రెండో అంతస్తు ఎత్తున పగిలితే నిచ్చెన ఎక్కొద్దు. ఇక్కడ మన కాలు విరిగితే ఊళ్లో ఇల్లు ఆగిపోతుంది. పైపు విరిగి ముక్క ఊడినా, గోడ నుంచి విడిపోయి ఊగుతున్నా కట్టు కట్టొద్దు, కిందికి ఎవర్నీ పోనివ్వొద్దు. డ్రైను కరిగించే మందులు పొయ్యొద్దు, అవి పగులులోంచి మీ మీదే పడతాయి. కడిగేటప్పుడు బ్లీచును, టాయిలెట్ యాసిడ్‌ను కలపొద్దు, విషవాయువు వస్తుంది.

ఇంతవరకు చేసింది సగం పని. మిగతా సగం ఉత్తరం.

మన సభ్యులుండే ఒక ఇంట్లో ఏడుగురున్నారు, అగ్రిమెంటులో ఇద్దరి పేర్లే. పైపు బీటలిచ్చింది. ప్యాకింగ్ టేపు చుట్టి ఊరుకున్నారు. చెబితే ఓనరు వస్తాడు, వస్తే మంచాలు లెక్కపెడతాడు అని భయం. మూడు నెలలకు కింది గది గోడంతా తడిసి, నల్లటి బూజు పట్టి, పిల్లవాడికి దగ్గు పట్టుకుంది. చివరికి ఓనరు అడిగిన మొదటి మాట, "ఎందుకు చెప్పలేదు?" డిపాజిట్‌లో కోత పెట్టింది పైపు పగిలినందుకు కాదు, చెప్పనందుకు.

ఇంగ్లాండులో 1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం, సెక్షన్ 11 ప్రకారం, ఏడేళ్లలోపు అద్దె ఒప్పందాల్లో డ్రైన్లు, బయటి పైపులు, టాయిలెట్లు బాగుచేయించాల్సింది ఓనరే. అగ్రిమెంటులో వేరేలా రాసుకున్నా అది పోదు. కానీ మీరుండే చోటు సంగతి మీరు తెలియజేస్తేనే ఓనరు బాధ్యత మొదలవుతుంది. అందుకే పొద్దున్నే మెసేజ్ లేదా ఈమెయిల్ పంపండి. ఫోన్లో చెప్పినా సరే, తర్వాత రాతలో కూడా పెట్టండి. ఐదు సంగతులు ఉంటే చాలు: తేదీ, పగులు ఎక్కడ, ఎప్పుడు చూశారు, తాత్కాలికంగా ఏం కట్టారు, ఎప్పటిలోగా మనిషిని పంపాలి. "ఇది తాత్కాలికం మాత్రమే" అని తప్పకుండా రాయండి. లేకపోతే రేపు, మీరే పైపు పాడుచేశారనొచ్చు. ఫొటోలు జత చేయండి. ఇంగ్లీషులో రాయడం ఇబ్బందైతే మా బృందానికి చెప్పండి, కూర్చుని రాసిపెడతాం.

జవాబు రాకపోతే కౌన్సిల్‌లో ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ విభాగానికి చెప్పొచ్చు. వాళ్లు వచ్చి చూసి ఓనరుకు నోటీసు ఇవ్వగలరు. అద్దె మాత్రం ఆపొద్దు. ఆపితే న్యాయం మన వైపున్నా కేసు మన మీదకు తిరుగుతుంది.

భయం సంగతి కూడా దాచకుండా మాట్లాడుకుందాం. ఇంటి రిపేరు అడగడం వీసా షరతులు మీరడం కాదు. టెనెంటుగా ఉన్నవాళ్లను కోర్టు ఆర్డరు లేకుండా తాళాలు మార్చి బయటికి పంపడం చట్టవిరుద్ధం. ఇంట్లో వేరువేరు కుటుంబాల వాళ్లు ఐదుగురు, అంతకు మించి ఉండి వంటగది, టాయిలెట్ పంచుకుంటే ఆ ఇంటికి లైసెన్సు తీసుకోవాల్సింది ఇల్లు అద్దెకిచ్చినవాళ్లు. కొన్ని కౌన్సిళ్లలో తక్కువ మందికీ కావాలి. అయితే అగ్రిమెంటులో పేరు లేనివాళ్లకు, ఓనరు ఇంట్లోనే గది తీసుకున్న లాడ్జర్లకు రక్షణ తక్కువ. పని ఇచ్చిన కంపెనీయే ఇల్లు కూడా ఇచ్చి ఉంటే చిక్కు ఇంకోలా ఉంటుంది. మీది ఏ రకమో తెలుసుకోండి. సిటిజన్స్ అడ్వైస్, షెల్టర్ లాంటి చోట్ల ఉచితంగా సలహా ఇస్తారు. ఉత్తరం మాత్రం అగ్రిమెంటులో పేరున్నవాళ్లే పంపాలి. పేరున్నవాళ్లు, పేరులేనివాళ్లు కలిసి కూర్చుని నిర్ణయించుకోండి. ఒకరి భయం వల్ల ఏడుగురూ మురుగు పక్కన పడుకోవడం సరికాదు.

చివరిగా మన వంతు. బూరెలు వేయించిన నూనె, మాంసం కొవ్వు, చింతపండు పిప్పి, మెతుకులు సింకులో పొయ్యకండి. వేడిగా ఉన్నప్పుడు జారిపోయిన నూనె చల్లటి పైపులో గడ్డకడుతుంది. అడ్డు మన వల్ల వచ్చిందని తేలితే ఖర్చు మన మీదే పడుతుంది. నూనె చల్లారాక డబ్బాలో పోసి చెత్తలో వేయండి.

ప్రతి ఇంట్లో ఒక సంచి పెట్టుకోండి: గ్లౌజులు, మాస్కు, సిలికాన్ టేపు, పుట్టీ, సైకిల్ ట్యూబు ముక్క, మూడు క్లిప్పులు, స్క్రూడ్రైవర్, మార్కర్. తలా రెండు మూడు పౌండ్లు వేసుకుంటే వస్తుంది. సంచి మీద ఓనరు ఈమెయిల్ రాసి ఉంచండి. అది కూడా పనిముట్టే.

బయట బల్ల మీద పాత ఇనప పైపు ముక్క పెట్టాం. టీ తాగి వచ్చి మీ చేత్తో ఒకసారి కట్టి చూడండి.