కొత్త గేదె, పాత గేదె
(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘాల లెక్కలు తనిఖీ చేయటం మా పని. పశువైద్యం మా పని కాదు. అయినా పాల పుస్తకం తిరగవేసేటప్పుడు ఒక సంగతి తరచుగా మా కంటబడుతుంది. సభ్యుడు అప్పు తీసుకుని కొత్త గేదెను తెస్తాడు. ఆయన పేర పాలు పెరగవలసింది పోయి, ఆ వారం తగ్గుతాయి. అడిగితే "బేరగాడు మోసం చేశాడండీ" అంటాడు. బేరగాళ్లందరూ ధర్మరాజులని మేము అనము. కాని చాలాసార్లు తప్పు సంతలో కాదు, మన కొట్టంలోనే జరుగుతుంది.

పశువులలో పెత్తనం ఉన్నది. వయస్సు, బరువు, కొమ్ములు, ఆ కొట్టంలో ఎంత కాలంగా ఉన్నదీ అనే వాటిని బట్టి ఒక గేదె పెద్దదవుతుంది. కుడితి తొట్టి దగ్గరకు ముందు అదే వస్తుంది. అది తల కొంచెం వంచితే చాలు, మిగతావి తప్పుకుంటాయి. అందుకే మనకు రోజూ కుమ్ములాట కనపడదు. కొత్తది వచ్చిన నాడు ఆ వరుస మళ్లీ తేలాలి.

మా పరిధిలో ఒక సభ్యుడు ఏడు నెలల చూడి ముర్రా గేదెను తెచ్చాడు. చీకటిపడే వేళ లారీ దించి, తోడుగా ఉంటుందని పాత గేదె పక్కనే, ఒకే గాడికి కట్టాడు. పాతదాని పలుపు పొడుగు. రాత్రి అది డొక్కలో పొడిచింది. కొత్తది కట్టి ఉన్నది గనుక తప్పించుకోలేకపోయింది. మూడవ రోజున చూడి పోయింది. రోగమేమోనని డాక్టరుగారు రక్తం పరీక్ష చేయించారు, రోగం లేదు. గేదె పోయినా, చూడి పోయినా అప్పు వాయిదా ఆగదు గదా. బాకీదారుల జాబితాలో ఆయన పేరు వ్రాసినది మేమే.

కావున కొత్త గేదెను మూడు, నాలుగు వారాలు విడిగా కట్టండి. బాల్చీ, తొట్టి వేరుగా ఉంచండి. పాత వాటిని పితికిన తరువాతే దానిని పితకండి. ఈలోగా బ్రూసెల్లోసిస్‌, క్షయ పరీక్షలు చేయించి, గాలికుంటు, గొంతువాపు టీకాల సంగతి డాక్టరుగారిని అడగండి. బ్రూసెల్లోసిస్‌ మనుషులకూ అంటుకుంటుంది. ఈసుకుపోయిన పిండాన్ని, మాయను వట్టి చేతులతో తాకరాదు. అమ్మినవారు ఏమి మేపారో అడిగి తెలుసుకుని, దాణాను వారం పది రోజులలో మెల్లగా మార్చండి.

తరువాత గట్టి దడి అడ్డుగా కొన్ని రోజులు కట్టండి. చూసుకోవాలి, వాసన పట్టాలి, కొమ్ము మాత్రం అందకూడదు. కలిపేది పగటిపూట, కాలు జారని ఖాళీ స్థలంలో, రెండింటి కడుపు నిండిన తరువాత. పశువులకంటే ఎక్కువ కుప్పలుగా గడ్డిని దూరదూరంగా వేయండి. మూల లేని చోటైతే మంచిది. నెమ్మదైన గేదె మరొకటి ఉంటే ముందు దానితో కలపండి. తలలు ఆనించి తోసుకుంటే కంగారుపడకండి. ఒకటి పక్కకు తిరిగి పోతే తగవు తీరినట్లే. మధ్యలోకి మనిషి పోరాదు. పాతదానిని కర్రతో కొడితే ఫలితం లేదు. వెంటపడి పొదుగు మీద, డొక్క మీద పొడుస్తుంటే మాత్రం విడదీయించండి. నిండు చూడి గేదెను, ఈనిన కొత్తలో ఉన్నదానిని అసలు కలపవద్దు.

కొట్టంలో పెద్దదాని చోటు మార్చకండి, దాణా దానికే ముందు పెట్టండి, కొత్తదానిని దాని పక్కన కట్టకండి. బెదిరిన గేదె పాలు ఎగచేపుతుంది. అప్పుడు సూది వేయించే అలవాటు కొందరికి ఉన్నది. చేపుకు అలా సూది వేయటం పశువుకు హాని, చట్టరీత్యా నేరం. పితికేది ఎక్కువగా ఆడవారే. కొనేటప్పుడు వారిని అడగరు గాని, గేదెను మచ్చిక చేయటం వారికే తెలుసు. వారి చేతికే వదలండి. కొత్తది తొట్టి దగ్గరకు రాలేక నీళ్లు తాగటం లేదేమో చూడండి. వారం దాటినా పాలు కోలుకోకపోతే పశువైద్యశాలకు పోవలసిందే.

ఆ సభ్యుడు బాకీ తీర్చి, కిందటేడు మరొక గేదెను తెచ్చాడు. నెల రోజులు దొడ్లో చింతచెట్టు కింద విడిగా కట్టాడు. ఇప్పుడు రెండూ ఒకే చెరువులో పడుకుంటున్నవి. పాతదే ముందు దిగుతుంది.