నా 39 కిలోలు, రాష్ట్రం 36 శాతం

(ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినోత్సవం నాడు ఇందుకూరుపేట మండలంలో మా యానాది కాలనీ దగ్గర మాట్లాడింది. ఫోన్‌లో రికార్డు చేసింది మళ్ళీ విని, కొంచెం సరిచేసి ఇక్కడ పెడతా ఉన్నా.)



నాకు ఐదు నిమిషాలు ఇచ్చారు. పదిహేను తీసుకుంటా. అన్నం ఇంకా ఉడకతా ఉండాది కాబట్టి ఎవురూ లేచిపోరని నా ధైర్యం.

ముందు నా సంగతే చెప్తా. నా ఎత్తు 150 సెంటీమీటర్లు, బరువు 39 కిలోలు. పెళ్ళి కావాల్సిన పిల్ల బరువు మైకులో చెప్పుకుంటుందా అని మా అమ్మ అప్పుడే ఆడనించి ఒక చూపు చూసింది. అమ్మా, ఈ ఒక్కరోజు ఓర్చుకో.

ఈ ఎత్తునీ బరువునీ కలిపి చూసే లెక్క ఒకటుంది. బీఎంఐ అంటారు. ఎత్తుని మీటర్లలో రాసుకుని, దాన్ని దాంతోనే హెచ్చవేసి, వచ్చిన దాంతో బరువుని భాగించాల. నాది ఒకటిన్నర మీటరు. ఒకటిన్నరని ఒకటిన్నరతో హెచ్చవేస్తే 2.25. 39ని 2.25తో భాగిస్తే 17.3. ఈ అంకె 18.5 కంటే తక్కువుంటే బరువు చాలనట్టు. 18.5 నించి 25 లోపల ఉంటే సరిపోయినట్టు. 25 కాడి నించి అధిక బరువు, 30 కాడి నించి ఊబకాయం. మన ఆసియా వాళ్ళకి తక్కువ బరువులోనే షుగరు, గుండె జబ్బులు వస్తా ఉండాయి కాబట్టి 23 నించే జాగ్రత్తపడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ పిలిచిన నిపుణులు 2004లో చెప్పారు. ఏ గీత పెట్టి కొలిచినా నేను కిందనే ఉండా. కింది గీత అందుకోవాలంటే ఇంకా రెండున్నర కిలోలు పైనే పెరగాల.

ఇదంతా ఎందుకు వచ్చిందంటే, రెండు నెలల కింద మన దగ్గర ఒక మెడికల్ క్యాంపు పెట్టారు. ఎవురు పెట్టారో వద్దులే, మంచి మనసుతోనే వచ్చారు. లైన్లో నిలబెట్టి బరువు చూశారు. ఎత్తు చూడలేదు, టేపు మర్చిపోయామన్నారు. బరువు చూసిన ప్రతి ఒక్కరికీ ఒక రంగుల కాగితం చేతిలో పెట్టారు. మన రాష్ట్రంలో ఊబకాయం పెరిగిపోతా ఉండాది, అన్నం తగ్గించండి, నూనె తగ్గించండి, రోజూ అరగంట నడవండి అని ఉండాది అందులో. మా అవ్వ అది నా చేత చదివించుకుంది. "నీళ్ళకి పోయేది, కట్టెలకి పోయేది నడక కాదంటనా?" అని అడిగింది. తర్వాత ఆ కాగితాన్ని మడిచి పొయ్యి అంటించుకుంది.

అవ్వ మర్చిపోయింది గానీ నాకు నిద్ర పట్టలా. కాలేజీలో స్టాటిస్టిక్స్ ఒక పేపరు చదివినదాన్ని కదా. ఆ కాగితంలో మాట అబద్ధమా నిజమా అని వెతికా.

నిజమే. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, అంటే ఎన్ఎఫ్‌హెచ్ఎస్ ఐదో విడత, అందులో ఉండాది. ఆంధ్రప్రదేశ్‌లో 15 నించి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 36.3 శాతం మంది బీఎంఐ 25, ఆపైన. అంతకుముందు విడతలో 33.2. దేశం మొత్తం మీద చూస్తే 24 శాతమే. మగవాళ్ళలో మన రాష్ట్రంలో 31.1 శాతం. ఒక మాట గుర్తు పెట్టుకోండి, 36.3 అంటే అధిక బరువు, ఊబకాయం రెండూ కలిపిన అంకె. పేపర్లలో దాన్ని పట్టుకుని అంతా ఊబకాయమే అని రాసేస్తారు.

అదే పేజీలో ఆ అంకెకి కొంచెం పైన ఇంకో అంకె ఉండాది. 18.5 కంటే తక్కువ బీఎంఐ ఉన్న ఆడవాళ్ళు 14.8 శాతం. నేను ఆ వరసలోదాన్ని. రక్తం తక్కువున్న ఆడవాళ్ళు 58.8 శాతం. ఈ రెండు అంకెలకీ ఎవురూ రంగుల కాగితం వెయ్యలా.

ఇప్పుడు నా 17.3ని రాష్ట్రం లెక్క పక్కన పెట్టి చూడండి. పదిమంది ఆడవాళ్ళు ఉండారనుకోండి. తొమ్మిదిమందికి బీఎంఐ 25, ఒకామెకి 17. సగటు ఎంత? 24.2. ఆ సగటు చూసిన ఆఫీసరు ఏమంటాడు? ఈ ఊరోళ్ళు ఒంటి బరువు కొంచెం తగ్గించుకోవాల అంటాడు. పదో ఆమె ఆ మాట కూడా విని, ఇంటికొచ్చి, ఉన్న అన్నంలో ఒక ముద్ద తగ్గిస్తాది. 2011 జనాభా లెక్కల్లో అప్పటి నెల్లూరు జిల్లాలో ఎస్టీలం దాదాపు పదిలో ఒకరం. అందులో ఎక్కువమందిమి యానాదులమే. ఆ పదో ఆమెని మనమే. రాష్ట్రం మొత్తం లెక్కలో అయితే ఎస్టీలం వందకి ఐదారుగురం, ఇంకా కనపడం.

సర్వే వాళ్ళది మోసం అనట్లా నేను. సర్వే పని రాష్ట్రం ఎట్టుందో చెప్పడం, అది చెప్పింది. జిల్లాకి ఇచ్చే పత్రంలో కులాల వారీగా, తెగల వారీగా విడదీసిన వరస ఉండదు. రాష్ట్రం రిపోర్టులో ఎస్టీ అని ఒక వరస ఉంటాది గానీ, అందులో అరకు కొండల్లో ఉండే వాళ్ళూ, ఈ ఉప్పు గాలిలో ఉండే మనమూ ఒకే సంచిలో పడతాం. యానాదుల ఆడవాళ్ళ బరువెంత అని అడిగితే ఆ పత్రాల్లో జవాబు లేదు. తప్పు యాడ జరుగుతా ఉందంటే, అందరి లెక్కని తెచ్చి ఒక్కొక్కరికి మందు చీటీలాగా రాసివ్వడంలో.

ఈ బీఎంఐ కథ కూడా ఇట్టాంటిదే. బెల్జియం దేశంలో కెట్లే అనే లెక్కల పండితుడు 1830ల్లో సగటు మనిషి ఎట్టుంటాడో తేల్చాలని ఈ సూత్రం కట్టాడు. జబ్బు కనిపెట్టడానికి కాదు. బీఎంఐ అనే పేరు 1972లో ఆన్సెల్ కీస్ అనే అమెరికా శాస్త్రవేత్త పెట్టాడు. ఆయన ఐదు దేశాల మనుషుల్ని చూశాడు, అందరూ మగవాళ్ళే. అందులో మన దేశం లేదు.

మన ఒళ్ళు మాత్రం అంతకుముందే కొలిచిపెట్టారు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గార్ థర్‌స్టన్ ఊరూరా తిరిగి జనం తలలూ ముక్కులూ కొలిచేవాడు. 1909లో ఏడు సంపుటాల పుస్తకం వేశాడు. ఏడో సంపుటంలో యానాదులం ఉండాం. మన ముక్కు ఎంత వెడల్పో వాళ్ళకి కావాల్సొచ్చింది. మన పళ్ళెంలో ఏముందో కొలిచినోళ్ళు తక్కువ.

మరి పళ్ళెంలో ఏముండేది? నా కంటే తాతలకి బాగా తెలుసు. కాలవలో పీతలు, నత్తలు, జెల్లలు. వరి కోతలయ్యాక పొలం గట్ల మీద ఎలకలు. కుండతో పొగ పెట్టి ఎలకని బయటికి తెస్తే, బొరియ లోపల అది దాచుకున్న వడ్లు కూడా దొరికేవి. ఒక బొరియలో మాంసమూ బియ్యమూ రెండూ. పొన్నగంటి కూర, తుమ్మి కూర, దుంపలు, తేనె. ఎలకలు తింటారని కాలేజీ హాస్టల్లో నన్ను ఏడిపించినోళ్ళు ఉండారు. అప్పుడు సిగ్గుపడ్డా. ఇప్పుడు వాళ్ళే జిమ్ముకి పోయి ప్రొటీన్ పొడి డబ్బా కొనుక్కుంటా ఉండారు.

ఆ తిండి ఊరికే పోలేదు. శ్రీహరికోట దీవిని 1969లో రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నారు, 1971లో ఆడ మొదటి రాకెట్ ఎగిరింది. ఆ అడివిలో దుంపలు తవ్వుకుని, చేపలు పట్టుకుని బతికిన మనోళ్ళు చాలామంది దీవి వదిలి రావాల్సొచ్చింది. తర్వాత 1990ల్లో తీరం పొడుగునా రొయ్యల గుంటలు తవ్వారు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంతం రొయ్యల చెరువుల మీద గట్టి తీర్పే ఇచ్చింది. గుంటలు మాత్రం చూస్తానే ఉండారు కదా, మన కాలనీకి మూడు దిక్కులా అవే. మనోళ్ళు వాటికి రాత్రిపూట కాపలా. గుంటలో రొయ్య మనది కాదు, కాలవలో పీత మిగల్లా. మిగిలింది రేషన్ బియ్యం. మనిషికి నెలకి ఐదు కిలోలు. అది కూడా కార్డులో పేరు ఉంటేనే, ఆధార్ ఉంటేనే. ఆధార్ లేని వాళ్ళు ఈ కాలనీలోనే ఎంతమంది ఉండారో మీకు తెలుసు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాల. లావు మన సమస్యే కాదని చెప్పి చప్పట్లు కొట్టించుకోవడం సులువు. మా పెద్దమ్మ ఈడనే కూర్చోనుంది, ఆమెని అడిగే చెప్తా ఉన్నా. ఆమె ఎత్తు 148 సెంటీమీటర్లు, బరువు 60 కిలోలు. బీఎంఐ 27.4. షుగరు ఉండాది. రొయ్యల కంపెనీలో తలలు తీసే పని. పొద్దన్నుంచి ఐసు నీళ్ళలో చేతులు పెట్టి నిలబడాల. మధ్యలో దొరికేది చక్కెర ఎక్కువేసిన టీ, ఒక బన్ను. ఇంటికొచ్చాక అన్నం, చారు. పప్పు వారంలో రెండు మూడు సార్లు, గుడ్డు ఎప్పుడన్నా. రక్తం కూడా తక్కువే. ఒకే ఇంట్లో ఆమె 27, నేను 17. ఇద్దరం ఒకే కుండలో అన్నం తింటాం. ఆ రంగుల కాగితం నాకు తప్పు, పెద్దమ్మకి కూడా సగం తప్పు. అన్నం తగ్గించు అన్నారు, బాగానే ఉంది, దాని బదులు ఏం తినాలో, అది ఏ డబ్బుతో కొనాలో రాయలా.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది చెప్తా. గొంతు తడబడితే ఏమనుకోవద్దు.

మా చిన్నాయనకి 2022లో టీబీ వచ్చింది. మందులు ఉచితంగానే ఇచ్చారు. ఆయన చీటీలో బరువు 37 అని రాసుంది. ఎత్తు అనే గడి ఖాళీ. ఆ చీటీ ఇంకా నా దగ్గరే ఉండాది. మందు వేసుకుంటే కడుపులో మంట, తినడానికి గంజి. రెండో నెలలో మానేశాడు. మేమంతా ఆయన్నే తిట్టాం, తాగుతాడు కాబట్టి ఇట్టా అయ్యాడు అని. ఆ సంక్రాంతికి ఆయన లేడు.

తర్వాత తెలిసింది నాకు. జార్ఖండ్‌లో నాలుగు జిల్లాల్లో ఒక పరిశోధన జరిగింది, ఫలితాలు 2023 ఆగస్టులో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. 2,800 మంది టీబీ రోగులు, వాళ్ళ ఇళ్ళలో ఉండే పదివేల మందికి పైగా. రోగులందరికీ మందులతో పాటు తిండి సరుకులు ఇచ్చారు. సగం ఇళ్ళలో మిగతా కుటుంబానికి కూడా ఇచ్చారు. మనిషికి నెలకి ఐదు కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు. అంతే. ఆ ఇళ్ళలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. ఇంకోటి, మొదటి రెండు నెలల్లో ఐదు శాతం బరువు పెరిగిన రోగుల్లో చావులు 61 శాతం తక్కువ. చిన్నాయన 37 కిలోలకి ఐదు శాతం అంటే రెండు కిలోలు కూడా కాదు.

అందుకే ఈ అంకెని వదలొద్దు అంటా ఉన్నా. 2024లో కేంద్రం టీబీ రోగికి నెలకి ఇచ్చే పోషణ డబ్బు 500 నించి వెయ్యికి పెంచింది. దాంతో పాటు, బీఎంఐ 18.5 కంటే తక్కువున్న రోగికి మొదటి రెండు నెలలు బలం ఆహారం అదనంగా ఇస్తామని ప్రకటించింది. మరి ఎత్తు గడి ఖాళీగా ఉంటే బీఎంఐ ఎట్టా వస్తాది? టేపు మర్చిపోయామంటే ఒక మనిషికి తిండి పోయినట్టే. ఇంట్లో మిగతావాళ్ళకి ఇచ్చే సరుకుల బుట్ట మాత్రం దాతలు ముందుకొస్తేనే. మనం ఐటీడీఏకి పెట్టబోయే అర్జీలో నేను రాసినవి ఇవి. యానాది కాలనీల్లో ఆడా మగా అందరికీ ఎత్తు, బరువు రెండూ కొలవాల. మన తెగ లెక్క విడిగా రాయాల, మనకి చూపించాల. టీబీ ఉన్న ప్రతి యానాది ఇంటికీ, దాత దొరికినా దొరక్కపోయినా, పప్పూ గుడ్లూ ఇంటిల్లిపాదికీ రావాల. ఇంకేమైనా చేర్చాలంటే భోజనాల తర్వాత చెప్పండి, సంతకాలకి ముందే.

వాళ్ళు కొలిచేదాకా ఎదురుచూసేది లేదు. వేపచెట్టు కింద బల్ల మీద ఒక కాటా ఉండాది, పక్కన గోడకి టేపు అంటించాం. ఒక నోటుబుక్కు ఉండాది. మొదటి పేజీలో మొదటి పేరు నాది, 150, 39, 17.3. రెండోది పెద్దమ్మది. మీ పేరు రాయించుకోవడం ఇష్టం లేకపోతే నంబరు వేస్తాం, ఆ పుస్తకం మన చేతుల్లోనే ఉంటాది, ఎవురికీ ఫోటో తీయనివ్వం. మళ్ళీ మూడు నెలలకి ఇదే కాటా మీద చూద్దాం. దగ్గు రెండు వారాలు దాటిన వాళ్ళు నాకు విడిగా చెప్పండి, నేను తోడొస్తా.

అన్నం దించుతా ఉండారు, వాసన వస్తాంది. తినకముందే ఎక్కండి, లేకపోతే లెక్క తేడా వస్తాది. చెప్పులు విప్పి ఎక్కండి. రేయ్ పిల్లకాయలూ, తోసుకోవద్దు, ముందు అవ్వల్ని రానియ్యండి.