ఫోటో తీయరాదు - ఏ ఉత్తర్వు ప్రకారం?

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను పెన్షను బకాయిల గురించి మాట్లాడమన్నారు. ఆ విషయం నాకంటె బాగా చెప్పగలవారు ఈ హాల్లో పదిమంది ఉన్నారు. నేను ఒక ఫోటో గురించి చెబుతాను.

కిందటేడు లైఫ్ సర్టిఫికెట్ పని మీద నేనూ, నా పక్క సీటు మిత్రుడూ ట్రెజరీకి వెళ్ళాము. ఆయన పేరు చెప్పనక్కరలేదు, మీకందరికీ తెలుసు. తిరిగి వస్తూ మేమిద్దరం కలిసి పనిచేసిన పాత ఆఫీసు ముందు ఆగాము. ఆయన గేటు పక్కన వేపచెట్టు కింద నిలబడ్డారు. నేను రోడ్డు మీద నుంచి సెల్‌ఫోన్‌తో ఫోటో తీశాను. ఇంతలో కాపలా మనిషి వచ్చి, "పెద్దాయనా, ఇక్కడ ఫోటోలు తీయకూడదు. బోర్డు చూళ్ళేదా? చెరిపెయ్" అన్నాడు. చెరిపేశాను. "పోనీవోయ్, మళ్ళీ వచ్చినప్పుడు తీసుకుందాం" అన్నారు మిత్రుడు.

రెండున్నర నెలలకు ఆయన పోయారు. సంతాప సభకు ఫోటో కావలసి వస్తే 1998 నాటి గ్రూపు ఫోటో నుంచి ముఖం కత్తిరించి పెద్దది చేయించాము. మీరంతా చూశారు, అది ఆయనలా లేదు.

ఏ కాగితం వచ్చినా "ఏ జి.ఓ. ప్రకారం?" అని అడగడమే కదా మన ఉద్యోగం! ముప్పై నాలుగేళ్ళు అదే అడిగినవాణ్ణి, ఆ రోజు మాత్రం అడగలేదు. ఆ బాధతోనే చట్టం తెచ్చుకుని చదివాను.

ఇలాంటి చోట అందరూ భయపెట్టేది 1923 నాటి అధికార రహస్యాల చట్టంతో. నిషిద్ధ స్థలం అంటే ఏమిటో దాని రెండవ సెక్షను, ఎనిమిదవ క్లాజులో ఉంది. సైనిక స్థావరాలు, ఆయుధాగారాల వంటివి వాటంతటవే నిషిద్ధం. వాటి జోలికి పోవద్దు. మామూలు ప్రభుత్వ స్థలాలు, రైలు మార్గాలు, రోడ్ల వంటివి నిషిద్ధం కావాలంటే కేంద్ర ప్రభుత్వం గెజిట్లో ప్రకటించాలి. ఆ ప్రకటన ప్రతిని ఇంగ్లీషులోనూ, స్థానిక భాషలోనూ అక్కడ అంటించాలి. నంబరూ తేదీ లేని రేకు బోర్డు దాని కిందకు రాదు. పోలీసు స్టేషను కూడా ఈ చట్టం కింద నిషిద్ధ స్థలం కాదని బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి 2022లో తీర్పు చెప్పింది.

అలాగని ఎక్కడపడితే అక్కడ తీయవచ్చని కాదు. గుడి లోపల, కోర్టు హాల్లో, ఒకరి ఆవరణలో వారి నిబంధనలు వారికి ఉంటాయి. నేను చెప్పేది రోడ్డు మీద నిలబడి తీసే సంగతి.

ఇక చెరిపించడం. నేరంతో సంబంధం ఉందని అనుమానించిన వస్తువును స్వాధీనం చేసుకునే అధికారం పోలీసు అధికారికి ఉంది. 2024 జూలై నుంచి అది నాగరిక్ సురక్షా సంహితలో 106వ సెక్షను. తీసుకున్న సంగతి మేజిస్ట్రేటుకు తెలియజేయాలి. చెరిపించమని ఆ సెక్షనులో ఎక్కడా లేదు. నేరమే అయితే ఆ ఫోటో సాక్ష్యం కదా, సాక్ష్యాన్ని చెరపమనడం ఏమిటి? కాపలా మనిషికైతే ఆ స్వాధీనం చేసుకునే అధికారం కూడా లేదు.

నా తప్పూ ఒకటి చెప్పాలి. 1980ల్లో మా రికార్డు రూము కప్పు కారుతుంటే ఒక పత్రిక కుర్రవాడు కిటికీలోంచి ఫోటో తీయబోయాడు. "నిషేధం" అని నేనే కేకలేసి తరిమాను. ఏ ఉత్తర్వూ లేదు. సూపరింటెండెంటు గారు మెచ్చుకున్నారు. ఆ గదిలో తడిసిన సర్వీసు రిజిస్టర్ల వల్ల ఇద్దరి పెన్షను ఏళ్ళ తరబడి ఆగింది. వారిలో ఒకరు ఈ హాల్లోనే ఉన్నారు.

మనుషుల సంగతి వేరు. రైతుబజారులో కూరలమ్మే ఆమె కొంగు అడ్డం పెట్టుకుంటే నేను ఫోను జేబులో పెట్టేశాను. దానికి సెక్షను వెతకనక్కరలేదు.

మన వయసులో ఎవరితోనూ పెనుగులాడవద్దు. "బాబూ, ఏ ఉత్తర్వు? నంబరు చెప్పు, రాసుకుంటాను" అనండి. కావాలంటే ఫోటో చూపించండి, అక్కడి నుంచి వచ్చేయండి. భయపడి చెరిపినా, చాలా ఫోన్లలో అది 30 రోజుల దాకా చెత్తబుట్టలో ఉంటుందట. మా మనవడు ఈ మాట నాకు చెప్పింది సంతాప సభ నాడు. అప్పటికి గడువు ఎప్పుడో దాటింది.

తరువాత 10 రూపాయలు కట్టి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను. ఆ బోర్డు ఏ ఉత్తర్వు ప్రకారం పెట్టారని. అటువంటి ఉత్తర్వు తమ రికార్డులలో లేదని జవాబు వచ్చింది. అది జేబులో పెట్టుకుని మళ్ళీ వెళ్ళాను. అదే కాపలా మనిషి. కాగితం చదివి, "పైవాళ్ళు చెప్పిందే చెప్పాను సార్" అన్నాడు. కాంట్రాక్టు ఉద్యోగం, అతన్ని ఏమనగలం? నేను ఫోటో తీస్తుంటే పక్కకు జరిగి నిలబడ్డాడు. బోర్డు మాత్రం ఇంకా అక్కడే ఉంది.

ఆ ఫోటోను ప్రత్యేక సంచికలో వేస్తామని కార్యదర్శి గారు మాట ఇచ్చారు. గేటుకు ఎడమవైపు కనబడేదే వేపచెట్టు. ఆయన నిలబడింది దాని కిందే.

సెలవు.