పారేసే చిప్పకు రంగులు వేద్దాం

(మెదక్ పట్టణంలో, కొత్తగా చదువు నేర్చిన మహిళల ముందు చేసిన ప్రసంగం)



ఈ రోజు మన ఇంట్లో పారేసే వస్తువుల గురించి మాట్లాడుకుందాం.

కొబ్బరికాయ కొడతాం. కొబ్బరి తింటాం. చిప్పను ఏం చేస్తాం? పొయ్యిలో పెడతాం. చింతపండు ఒలుస్తాం. గింజలు ఊడ్చి పారేస్తాం. కుండ అంచు పగిలితే పెంట మీద వేస్తాం. వీటితో అందమైన వస్తువులు చేసుకోవచ్చు. నాలుగు పైసలు కూడా సంపాదించవచ్చు.

“మాకు బొమ్మలు వేయడం రాదు” అంటారేమో! ఎందుకు రాదు? వాకిట్లో ముగ్గు వేసేది ఎవరు? బతుకమ్మకు తెల్లటి గునుగు పూలను రంగుల్లో ముంచేది ఎవరు? బోనం కుండకు సున్నం పూసి, పసుపు కుంకుమ పెట్టేది ఎవరు? మనమే కదా! మన చేతికి రంగు కొత్త కాదు.

మన పక్కనే సిద్దిపేట జిల్లా ఉంది. ఆ జిల్లాలో చేర్యాల అనే ఊరు ఉంది. అక్కడ నకాషీ కళాకారులు ఉన్నారు. వాళ్లు పొడుగాటి బట్ట మీద కథల బొమ్మలు వేస్తారు. పూర్వం కథలు చెప్పేవాళ్లు ఆ పటాలు పట్టుకొని ఊరూరా తిరిగేవారు. ఒక్కొక్క బొమ్మ చూపిస్తూ కథ చెప్పేవారు. చదువు రానివాళ్లు కూడా బొమ్మ చూసి కథ తెలుసుకునేవారు.

ఆ కళాకారులే ముఖాల బొమ్మలు కూడా చేస్తారు. దేనితో చేస్తారో తెలుసా? కొబ్బరి చిప్ప, చింతగింజల జిగురు, రంపపు పొట్టు. మనం పారేసేవే! అవి పట్నంలో గాజు అద్దాల దుకాణాల్లో అమ్ముతారు. చేర్యాల కళాకారుల నైపుణ్యం తరతరాలది. అది మనకు ఒక్క రోజులో రాదు. కానీ వాళ్లు వాడే పద్ధతితో చిన్న బొమ్మ మనమూ చేయవచ్చు. ఎట్లాగో చెప్తా, వినండి.

మొదట జిగురు చేయాలి. చింతగింజలు వేయించి, పైపొట్టు తీయండి. రాత్రంతా నానబెట్టండి. మెత్తగా రుబ్బండి. నీళ్లు పోసి, సన్నని మంట మీద గంజిలాగా ఉడికించండి. అడుగంటకుండా కలుపుతూ ఉండండి.

తర్వాత చిప్ప మీది పీచు తీయండి. గరుకు కాగితంతో రుద్దండి. జిగురులో రంపపు పొట్టు కలపండి. చపాతీ పిండిలాగా ముద్ద చేయండి. ఆ ముద్దతో చిప్ప మీద ముక్కు, పెదవులు, కనుబొమ్మలు పెట్టండి. నీడలో బాగా ఆరనివ్వండి. తొందరపడితే పగుళ్లు వస్తాయి.

ఆరినాక సుద్దపొడిని అదే జిగురులో కలిపి, పైన పూయండి. అది ఆరితే తెల్లగా, నున్నగా అవుతుంది. దాని మీద రంగులు వేయండి. ముందు ముఖం రంగు, చివరకు కళ్లు. కళ్లు దిద్దితే బొమ్మకు ప్రాణం వచ్చినట్టే!

అంచు పగిలిన కుండ ఉందా? దానికి జాజు పూయండి. ఆరినాక సున్నంతో ముగ్గు వేయండి. మట్టి నింపి బంతి నారు పెట్టండి. నూనె డబ్బా ఉందా? మూత భాగం కోయించి, అంచును సుత్తితో లోపలికి మడవండి. లేకుంటే చెయ్యి కోసుకుంటుంది. రంగు వేస్తే తులసి మొక్కకు తొట్టి అవుతుంది.

ఇప్పుడు ముఖ్యమైన మాట చెప్తా. జాగ్రత్తగా వినండి.

అన్ని డబ్బాలూ ఒకటి కావు. పురుగుమందు డబ్బాను ఇంట్లోకి తేవద్దు. ఎంత కడిగినా దానిలో విషం మిగులుతుంది. దానికి రంగు వేస్తే ఇంకా ప్రమాదం. అది పురుగుమందు డబ్బా అని ఎవరికీ తెలియదు. ఎవరో ఒకరు దాంట్లో పప్పు పోస్తారు, నీళ్లు పోస్తారు.

ఎట్లా గుర్తుపట్టాలి? డబ్బా మీద పతంగి లాంటి నాలుగు మూలల గుర్తు ఉంటుంది. దాని కింది సగంలో రంగు ఉంటుంది. ఎరుపు ఉంటే అన్నిటికన్నా ఎక్కువ విషం. తర్వాత పసుపు. తర్వాత నీలం. ఆకుపచ్చ ఉంటే వాటికన్నా తక్కువ విషం. తక్కువ అంటే అసలు లేదని కాదు! ఆకుపచ్చ గుర్తున్న డబ్బా కూడా వద్దు.

రంగు డబ్బాను కూడా చదివి కొనండి. కొన్ని రంగుల్లో సీసం ఉంటుంది. పిల్లలు బొమ్మను నోట్లో పెట్టుకుంటారు. సీసం పిల్లల మెదడును చెడగొడుతుంది. అందుకే ప్రభుత్వం 2016లో నియమం చేసింది. అది 2017 నవంబర్ నుంచి అమలైంది. ఇంటి రంగుల్లో పది లక్షల పాళ్లకు 90 పాళ్లకు మించి సీసం ఉండరాదు. ఆ మాట డబ్బా మీద రాసి ఉండాలి. మూలన పడి ఉన్న పాత రంగు డబ్బాను పిల్లల బొమ్మలకు వాడవద్దు.

నిన్నమొన్నటి దాకా డబ్బా మీద ఏం రాసి ఉందో మనకు తెలియదు. ఇప్పుడు తెలుస్తుంది. కూడబలుక్కుంటూ అయినా చదవండి. తెలియని మాట ఉంటే చదువు చెప్పే అక్కను అడగండి.

ఇక పైసల లెక్క చూద్దాం. పది బొమ్మలు చేశామనుకుందాం. రంగులకు 120 రూపాయలు, కుంచెకు 30, గరుకు కాగితానికి 20. మొత్తం 170. అంటే ఒక్క బొమ్మకు 17 రూపాయలు. ఒకరు వచ్చి “30కి ఇస్తావా?” అంటారు. 13 మిగిలింది కదా అని సంతోషపడతాం. ఆగండి! ఆ బొమ్మకు మూడు గంటలు పని చేశాం. గంటకు ఎంత పడ్డది? ఐదు రూపాయలు కూడా పడలేదు. చిప్ప ఊరికే వచ్చింది. మన కష్టం ఊరికే రాలేదు. కూలి కలిపి ధర చెప్పండి.

ఎక్కడ అమ్మాలి? శివరాత్రికి ఏడుపాయల జాతరకు వేల మంది వస్తారు. మన మెదక్ చర్చి 1924 డిసెంబర్ 25న ప్రారంభమైంది. ఇప్పటికీ క్రిస్మస్‌కు ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. నలుగురు కలిసి ఒక చోట పెట్టుకుంటే మంచిది. ఖర్చు, అమ్మకం నోటుబుక్కులో రాసుకోండి.

చివరగా ఒక మాట. బొమ్మ ఆరినాక వెనక్కి తిప్పండి. సన్న కుంచెతో మీ పేరు రాయండి. కింద “మెదక్” అని రాయండి. కొన్నవాళ్లు ఎవరు చేశారో చదువుకుంటారు. చేసిన చేతికి పేరు ఉండాలి కదా!

ఆలోచించి చెప్పండి

1. మీ ఇంట్లో పారేసే మూడు వస్తువుల పేర్లు రాయండి. వాటితో ఏం చేయవచ్చు?
2. పురుగుమందు డబ్బాకు ఎందుకు రంగు వేయవద్దు?
3. ఒక బొమ్మకు 17 రూపాయలు ఖర్చు అయింది. మూడు గంటలు పని చేశారు. మీరు ఎంత ధర పెడతారు? ఎందుకు?