ఒక ఎర్రచుక్క
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగం)

నేను తిరుపతిలో రైలుపెట్టెలకు రంగులు వేసి రిటైరైనవాడిని. మొన్న మనవడి హరికేన్ విమానం బొమ్మకు రంగు వేశాను. 1944లో ఇంఫాల్ వద్ద అర్జన్ సింగ్ నాయకత్వంలో పోరాడిన మన దళం విమానమది. రెక్కలపై బ్రిటిషు గుర్తనుకుని నీలం, తెలుపు, నడుమ ఎరుపు దిద్దాను.

"తాతా, అక్కడ ఎరుపుండకూడదు" అన్నాడు వాడు.

నిజమే. 1942 ఏప్రిల్ 6న విశాఖపై బాంబులు వేసిన జపాను విమానాల గుర్తు ఎర్రని సూర్యబింబం. ఎరుపు కనబడితే మనవాళ్లే పొరబడి మన విమానాన్ని కాలుస్తారని ఆ రంగు తీసేశారు. ముదురు నీలం నడుమ లేత నీలమే మిగిల్చారు.

నేను అందానికి పెట్టిన చుక్క ఆనాడైతే ఒక పైలట్ ప్రాణం తీసేది. చెరిపి, మళ్లీ వేశాను. వయసు మీరినా తప్పు దిద్దుకోవచ్చు గదా! సెలవు.