తప్పు దగ్గర ఆగే సాధన

కచేరీలో ధైర్యం ఎక్కడి నుంచి వస్తుందని అడిగితే మన సంగీత లోకంలో సిద్ధంగా ఉండే జవాబు అసుర సాధన. ఎన్ని గంటలు కూర్చుంటే అంత పట్టు, పట్టు చిక్కితే బెరుకు పోతుందని నమ్మకం. 1993లో ఈ లెక్కకు శాస్త్రం ముద్ర కూడా పడింది. ఆండర్స్ ఎరిక్సన్, ఆయన సహచరులు బెర్లిన్‌లో వయొలిన్ విద్యార్థులను పరిశీలించి, మేటి అనిపించుకున్నవాళ్లు ఇరవయ్యేళ్లు నిండేసరికి సగటున పదివేల గంటలు ఒంటరిగా సాధన చేశారని అంచనా కట్టారు. జనం నోట ఆ అంకె నిలిచింది. అది సగటు అన్న సంగతి, ఎలాంటి సాధన అన్న షరతు జారిపోయాయి. 2019లో మెక్‌నమారా, మైత్ర అదే తరహా పరిశీలన మళ్లీ చేస్తే, కింది స్థాయివాళ్లు తక్కువ సాధన చేసిన మాట నిజమేనని తేలింది గానీ, మంచివాళ్లకూ మేటివాళ్లకూ మధ్య గంటల్లో తేడా కనబడలేదు. కాబట్టి గంటలు కావాలి, అవి మాత్రమే చాలవు. తప్పు పడిన చోట ఏం చేశామన్నదే సాధనకు విలువ కడుతుందని, వేదిక మీది ధైర్యం కూడా అక్కడే పుడుతుందని నా వాదన.

టెక్సాస్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ డ్యూక్ బృందం 2009లో ప్రచురించిన పరిశీలన దీనికి ఆధారం. 17 మంది పియానో విద్యార్థులకు షొస్తకోవిచ్ కాన్సర్టోలోని ఒక చిన్న భాగం ఇచ్చి, తృప్తి కలిగేదాకా సాధన చేసుకోమన్నారు. మర్నాడు వాయింపజేశారు. ఎంతసేపు, ఎన్నిసార్లు వాయించారన్నదానికి మర్నాటి నాణ్యతతో పొంతన లేదు. ముందు నిలిచినవాళ్లు కూడా మొదట్లో తప్పులు చేసినవాళ్లే. అయితే తప్పు ఎక్కడుందో కచ్చితంగా పట్టుకున్నారు, అక్కడ కాలం తగ్గించారు, సరిపడ్డాకే ముందుకు కదిలారు. మన ఇళ్లలో జరిగేది చూడండి. విరిబోణి వర్ణం, అట తాళం, చరణం స్వరాల్లో ఒకచోట నాలుక తడబడుతుంది. విద్యార్థి వెంటనే మళ్లీ పల్లవికి పోతాడు. పల్లవి అప్పటికే నున్నగా ఉంది, ఇంకా నున్నబడుతుంది. ఆ ముడి మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది. పైగా అక్కడికి వచ్చినప్పుడల్లా తడబడటమే అలవాటవుతుంది.

సరళీ వరుసల నుంచి మన పద్ధతంతా ఆవృత్తే కదా, దాన్ని కాదంటారా అని పెద్దలు అడగవచ్చు. కాదనడం లేదు. మూడు కాలాల్లో పాడించడంలోనే కాలం మార్చి పరీక్షించే తెలివి ఉంది. గురువు ఎదురుగా కూర్చుని పాఠం చెప్పేటప్పుడు తప్పు పుట్టిన చోటే దొరికిపోయేది. ఇంట్లో ఒంటరిగా, శ్రుతి యాప్ పెట్టుకుని పాడే పిల్లవాడికి ఆ చెవి తనకు తానే కావాలి. ఈ మాట చెప్పకుండా వందసార్లు పాడమనడం సగం పాఠమే. ఒకే పంక్తిని వరుసగా పాడుతుంటే వచ్చేసిందనిపించడం కూడా నమ్మదగ్గ సంకేతం కాదు. వేర్వేరు అంశాలను మార్చి మార్చి సాధన చేస్తే ఆ రోజు కాస్త గరుకుగా ఉన్నా తర్వాత ఎక్కువ నిలుస్తుందని 1979లో షే, మోర్గన్ చేతి కదలికలపై చేసిన ప్రయోగం నుంచి ఎన్నో పరిశోధనలు చూపాయి.

దీనికంటే బలమైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. కచేరీలో ఆగడం కుదరదు, మృదంగం మన కోసం ఆగదు. తప్పు దగ్గర ఆగడమే అలవాటైతే సభలోనూ ఆగిపోమా? ఆగిపోతాం, అందుకే ఆ ఒక్క పద్ధతే చాలదు. దిద్దుకునే పూట వేరు, ఏమైనా సరే తాళం విడవకుండా చివరిదాకా పాడే పూట వేరు. రెంటినీ కలిపేస్తే రెండూ చెడతాయి. సాహిత్యం మరిచిపోయినా తర్వాతి ఎత్తుగడను అందుకోగలగాలంటే అనుపల్లవి నుంచో, చరణం నడిమి నుంచో హఠాత్తుగా మొదలుపెట్టడం ముందే అలవాటై ఉండాలి. పియానిస్టు గాబ్రియేలా ఇమ్రే బాఖ్ రచనను కంఠస్థం చేసిన తీరును రోజర్ చాఫిన్ దీర్ఘకాలం గమనించాడు. సంగీతంలో తాను ఎక్కడున్నదీ చెప్పే గుర్తులను ఆమె ముందే నాటుకుంది. వాటి సాయంతో కావలసిన చోట అందుకోగలదు.

భయం స్వభావమని, సాధనతో పోదని చివరి మాట. కొంత నిజమే. పాబ్లో కసాల్స్ వంటి మహానుభావుడిని కూడా వేదిక భయం జీవితాంతం వదల్లేదు. వదలకపోయినా ఆయన సెల్లో వాయించాడన్నది మనకు ముఖ్యం. గుండె దడను ఉత్సాహంగా చెప్పుకున్నవాళ్లు ఆందోళనగా చెప్పుకున్నవాళ్లకంటే మెరుగ్గా పాడారని 2014లో ఆలిసన్ వుడ్ బ్రూక్స్ చూపింది. ఆ పాట కరోకీ యంత్రం ముందు పాడిందే, రెండు గంటల కచేరీ కాదు. ఇక వైద్యుల సలహాతో కొందరు వాడే బీటా బ్లాకర్ మాత్రలు చేతుల వణుకును, గుండె వేగాన్ని తగ్గిస్తాయి. అయితే కల్పన స్వరం ఎడుపుకు అందకుండా జారినప్పుడు తర్వాతి ఆవర్తంలో ఎలా కలుసుకోవాలో ఆ మాత్ర నేర్పదు. అది పక్క వాయిద్యాలతో కలిసి, ఆపకుండా పాడే పూట నేర్చుకోవలసినదే. మన సంగీత పాఠశాలల్లో ఆ పూటకు వేళ చాలా తక్కువ.